నేను తోమిన ఆనవాలు

మొన్న నాకు సన్మానం జరిగింది. నవ్వకండి, నిజంగానే జరిగింది. శాలువా కప్పారు, దండ వేశారు, చేతిలో ఒక గాజు పలక పెట్టారు. చేతిపనులు చేసే ఆడవాళ్ళని పదిమందిని పిలిచారు లెండి. అల్లికలు అల్లే ఆవిడ ఒకరు, తాటాకు బుట్టలు చేసే ఆవిడ ఒకరు, పూతరేకులు తీసేదాన్ని నేను. మైకు పట్టుకున్న అమ్మాయి "ఇప్పుడు జ్ఞాపిక బహూకరణ" అంది. ఎవరికో అనుకుని నేను చప్పట్లు కొడుతూ కూర్చున్నాను. పక్కనున్న బుట్టలావిడ మోచేత్తో పొడిచింది.

"నిన్నేనమ్మాయ్, లే! అందరూ చూస్తన్నారు."

లేచి వెళ్ళి తీసుకున్నాను. ఫొటో తీసేటప్పుడు దండలో పువ్వు ఒకటి ముక్కులోకి పోయి తుమ్మాను. ఆ తుమ్మే ఫొటోలో పడింది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఆ పలకని అటు తిప్పింది, ఇటు తిప్పింది. రెండో తరగతి చదువుతోంది, ప్రతిదానికీ ప్రశ్నే.

"అమ్మా, జ్ఞాపిక అంటే ఏంటి?"

"జ్ఞాపకం ఉండాలని ఇచ్చేది."

"ఎవరి జ్ఞాపకం?"

ఇచ్చినాయన ఎవరో నాకు తెలీదు, నేనెవరో ఆయనకి తెలీదు. పేరు చదివి, నవ్వి, తరవాతి మనిషి వైపు తిరిగిపోయాడు. అప్పుడే, ఇరవై ఏళ్ళుగా నేను పలకని ఒక మాట నోట్లోకి వచ్చేసింది. మా మామ్మ మాట. ఆనవాలు.

మామ్మంటే మా నాన్నగారి అమ్మ. ఆవిడ నోట్లో ఆ మాట రోజుకి పదిసార్లైనా దొర్లేది. నేను ఎండలో ఆడి నల్లగా కమిలిపోయి ఇంటికొస్తే, "ఎవర్తివే నువ్వు? ఆనవాలు పట్టలేకపోతన్నాను" అనేది. సున్నుండలు పెట్టిన డబ్బా ఖాళీ అయితే, "ఆనవాలు లేకుండా ఊడ్చేశారు కదర్రా" అనేది. గోదారికి వరదొచ్చి తగ్గాక పొలం గట్లు కనపడకపోతే అదే మాట. కానీ ఆవిడ ట్రంకు పెట్టె తెరిచినప్పుడు మాత్రం ఆ మాటని మెల్లగా అనేది, నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు.

ఆ పెట్టె తెరిస్తే ముందు కలరా ఉండల వాసన, దాని వెనకాల ఎండిన మొగలిరేకుల వాసన వచ్చేవి. పట్టుచీరలుంటాయని నేను మెడ చాపి చూసేదాన్ని. ఉండేవి ఏంటనుకున్నారు? పళ్ళు ఊడిన దువ్వెన ఒకటి. ముక్కుపొడుం డబ్బా మూత ఒకటి, డబ్బా లేదు, మూతే. ఒక గాజు ముక్క. మా నాన్నగారి పాలపన్ను. ఒక్కోదాన్నీ పాత జాకెట్టు గుడ్డల్లో మూటలు కట్టేది.

"ఇవన్నీ ఎందుకు మామ్మా? పారేయొచ్చుగా?"

"పారేస్తే మీ తాతని పారేస్తాను గానీ వీటిని పారేయను. ఆనవాళ్ళే ఇవి."

"ఆనవాళ్ళంటే?"

మామ్మ ఆ మూత నా అరచేతిలో పెట్టింది. "వాసన చూడు."

చూసి తుమ్మాను. చూశారా, తుమ్ములు నాకు అప్పటినించే ఉన్నాయి.

"అదిగో, మా అత్తగారు కూడా అచ్చం అలాగే తుమ్మేది. ఇది చూస్తే నాకు ఆవిడ కనపడుద్ది. కనపడితే ఆనవాలు. కనపడకపోతే సామాను."

మామ్మ చెప్పిన అర్థం అదే. నిఘంటువులో ఏముందో నాకు తెలీదు, నేను పదో తరగతి గట్టెక్కలేదు.

అయితే మామ్మ దగ్గరున్న అన్నిటికంటే పెద్ద ఆనవాలు పెట్టెలో పట్టేది కాదు. అది రేకుల కుండ.

పూతరేకు తినని వాళ్ళుండరు గానీ, తీయడం చూడని వాళ్ళుంటారు. పెద్ద కుండని పొయ్యి మీద బోర్లిస్తారు. లోపల ఎండు కొబ్బరాకు మంట. బియ్యప్పిండిని పాలకంటే పల్చగా కలిపి, అందులో తెల్లటి గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్కసారి లాగాలి. కన్ను మూసి తెరిచేలోగా పొర కడుతుంది. అంచు పట్టి లేపితే గాలికి ఎగిరిపోయేటంత పల్చటి రేకు చేతిలోకి వస్తుంది. అలా రావాలంటే కుండ వీపు నల్లగా, నున్నగా, చీర అంచులా జారాలి. ఆ నునుపు కొన్న రోజున రాదు. నూనె గుడ్డతో తుడుస్తూ, కాలుస్తూ, ఏళ్ళ తరబడి మనిషి చెయ్యి తిరిగితే వస్తుంది.

మామ్మ కాపరానికి వచ్చినప్పుడు ఆ కుండ ముందు వాళ్ళత్తగారు కూర్చునేదట. తరవాత మామ్మ కూర్చుంది. ఒకసారి వరదొచ్చి ఊరంతా ఏటిగట్టు ఎక్కినప్పుడు, మామ్మ బియ్యం వదిలేసి, బట్టలు వదిలేసి, కుండని నెత్తిన పెట్టుకుని పరిగెత్తిందని తాత ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు.

"నేను వెనకాల మోకాల్లోతు నీళ్ళలో పడ్డానండి. తిరిగి కూడా చూడలేదు ఈవిడ!"

"మీకు ఈతొచ్చు కదండీ. కుండకి రాదుగా" అనేది మామ్మ.

రేకులు తీసే రోజు మా ఇంట్లో చేప వండకూడదు. రేకుకి వాసన ఇట్టే అంటుకుంటుంది. గుమ్మంలోకి వచ్చిన చేపలమ్మని మామ్మ దూరం నించే, "రేపు రామ్మా, ఇయ్యాళ రేకులు" అని పంపేసేది. తాత ఆ గంప వెళ్ళిన వైపు చూసి నిట్టూర్చేవాడు. తినడానికి మాకు మిగిలేవి పప్పు, మామిడికాయ పచ్చడి, చిరిగిపోయిన రేకుల పొట్టు. ఆ పొట్టులో నెయ్యి, బెల్లం తురుము వేసి కలిపి మామ్మ ముద్ద చేసి పెడితే, చేప గురించి తాత కూడా మర్చిపోయేవాడు.

నేను నాలుగో తరగతి సెలవుల్లో ఉండగా మా అత్త పెళ్ళి కుదిరింది. అత్తంటే నాన్నగారి చెల్లెలు. నాకు జడలు వేసేది అత్త, పేలు చూసేది అత్త, గోదారి రేవులో ఈత నేర్పింది అత్త. పెళ్ళికొడుకుది తణుకు. మనిషి మంచాడే, వచ్చినప్పుడల్లా నాకు చాక్లెట్ తెచ్చేవాడు. అయినా నేను తిని కూడా కోపంగానే ఉండేదాన్ని.

ఒకరోజు కూరగాయలు తరుగుతూ మామ్మ అడిగింది. "అమ్మాయ్, వెళ్ళేటప్పుడు నా ఆనవాలుగా ఏం కావాలే నీకు? నా నాన్తాడు కరిగించి గొలుసు చేయించనా? లోలకులు ఇవ్వనా?"

అత్త తల ఎత్తకుండానే అంది. "నాకు బంగారం వద్దమ్మా. కుండ ఇస్తావా?"

కత్తిపీట ముందు మామ్మ చేతిలో వంకాయ అలాగే ఆగిపోయింది.

"నాకు కాబోయే అత్తగారు అడిగారు, రేకులు తీయడం మాకూ చూపిస్తావా అని. కొత్త కుండ కొనుక్కోవచ్చు. కానీ అక్కడ పొయ్యి ముందు కూర్చుంటే నువ్వు కనపడవద్దూ?"

మామ్మ ఆ వంకాయ తట్టలో పడేసి లేచింది. తరవాత రెండు రోజులూ తాత గట్టిగా దగ్గడానికి భయపడ్డాడు. మూడో రోజు పొద్దున్న కుండని తుడుస్తూ, ఎవరితోనూ కాకుండా, "సారె రేకులు దీని మీద తీసేసి, దీన్ని కూడా సారెతో పంపించేద్దాం" అంది. అత్త వెళ్ళి వెనక నించి మామ్మ మెడ కౌగిలించుకుంది.

"వదులే, చెమట! వదులు!" అంటూ మామ్మ పైట కొంగు కళ్ళకి అద్దుకుంది.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. పక్కింటి దొడ్డమ్మ రాకుండా ఉంటే ఇంకా బాగుండేది. దొడ్డమ్మ చెడ్డదేం కాదు, నోరు ఆగదంతే. గోడ మీంచి వంగి విషయం విని బుగ్గలు నొక్కుకుంది.

"అదేంటి పిన్నిగారూ! పెళ్ళికూతురి చేతిలో మసి కుండా? తణుకు వాళ్ళు చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరోళ్ళు, ముఖం మీద అనకపోయినా వెనకాల నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ లేవే. పళ్ళు బాగున్నాయో లేదో చూసుకోవచ్చు" అంది మామ్మ.

మామ్మకి నవ్వొచ్చింది గానీ నాకు రాలేదు. వెనకాల నవ్వుతారన్న మాట మనసులో ముల్లులా దిగిపోయింది. మా అత్తని చూసి నవ్వుతారా? ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. రెండు సార్లే పెట్టించుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోంచేసి పడుకున్నారు. సారె రేకులకి బియ్యం నానబోసి ఉన్నాయి, మర్నాటి పొద్దున్నే మొదలుపెట్టాలి. నేను కుండ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నిజంగానే నల్లగా ఉంది. పెనం అడుగుకంటే నల్లగా ఉంది. మామ్మ దాన్ని గుడ్డతో తుడవడమే తప్ప ఎప్పుడూ తోమడం నేను చూడలేదు. ఇత్తడి బిందెల్ని చింతపండు పెట్టి బంగారంలా తోమే మనిషి దీన్నెందుకు వదిలేసింది? పాపం, పెద్దదైపోయింది, ఓపిక లేదు అనుకున్నాను.

నన్ను అప్పటికి పొయ్యి ముందు కూర్చోనిచ్చేవారు కాదు, చెయ్యి కాలుతుందని. రేకు ఎందుకు ఊడొస్తుందో నాకెవరూ చెప్పలేదు. మా ఊళ్ళో అది ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి.

కుండని రెండు చేతులా పొట్టకి ఆనించుకుని నూతి దగ్గరికి మోసుకెళ్ళాను. బూడిద, ఇటుక పొడి, నానబెట్టిన చింతపండు, చారెడు కొబ్బరి పీచు. మొదలుపెట్టాను. అబ్బ, ఎంత గట్టి నలుపనుకున్నారు! పీచు కొస పిడికిట్లో పట్టుకుని గుండ్రంగా, అడ్డంగా, నిలువుగా తోమాను. నల్లటి నీళ్ళు కాలవ కట్టి అరటి పాదులోకి పోయాయి. గోళ్ళు నల్లబడ్డాయి, గౌను నల్లబడింది, ముక్కు మీద కూడా నలుపే. చేతులు పీకుతున్నా ఆపలేదు. అత్త కారు దిగుతుంటే తణుకు వాళ్ళందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నట్టు కనపడుతోంది నాకు. "ఎంత చక్కటి కుండండీ!" అంటున్నారు వాళ్ళు.

ఎండ వాలేసరికి కుండ మచ్చలు మచ్చలుగా ఎర్రగా తేలింది. ఆరబెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. చాలదని సుద్దముక్కతో నాలుగు పువ్వులు కూడా వేశాను. తెచ్చి పొయ్యి మీద బోర్లించి, పొద్దున్న అందరూ ఆశ్చర్యపోవాలని గోనెగుడ్డ కప్పేశాను. గౌను చూసి అత్త అడిగితే బొగ్గులతో ఆడానని చెప్పాను.

మర్నాడు తెల్లవారేసరికి మామ్మ, అత్త తలస్నానాలు చేసి పాకలో కూర్చున్నారు. రుబ్బిన పిండి గిన్నెలో ఉంది, కొబ్బరాకులు కట్టలు విప్పారు. పిలవకుండానే లేచానని అత్త ఆశ్చర్యపోయింది. మామ్మ గోనెగుడ్డ తీసింది.

నేను చప్పట్లు కొట్టాను. ఒక్కదాన్నే కొట్టాను.

"ఎలా ఉంది మామ్మా? నేనే తోమాను! పువ్వులు కూడా నేనే!"

మామ్మ చెయ్యి చాపి కుండ వీపు మీద పెట్టింది. గరగరమంది. అలా పెట్టిన చెయ్యి తీయలేదు.

"మా అత్తగారి ఆనవాలు లేకుండా తోమేశావు కదే తల్లీ" అంది.

తిట్టలేదండి. తిట్టి ఉంటే బాగుండేది. అత్త ముఖం తెల్లగా పాలిపోయింది. మామ్మ పువ్వులు తుడిచి మంట పెట్టింది, గుడ్డ పిండిలో ముంచి లాగింది. సర్రుమని అంటుకుపోయింది. అంచు పట్టి లేపితే గోరంత ముక్క వచ్చింది. ఇంకోటి లాగింది. అదీ అంతే. ఆరోదో ఏడోదో లాగేసరికి కుండంతా చర్మం లేచినట్టు తెల్లటి పేలికలు.

"అమ్మా, పెళ్ళి పది రోజులుంది. సారెకి ఎలాగే? కుండ..." అని అత్త సగంలో ఆపేసింది.

ఆ సగం మాటతో నాకు అర్థమైపోయింది. అత్త నోరు తెరిచి అడిగిన ఒక్క వస్తువూ నేను పాడు చేశాను. ఎక్కడికి పరిగెత్తానో తెలీదు. చూసుకుంటే పెరట్లో కొబ్బరాకుల మోపుల వెనకాల ఉన్నాను. చీమలు కుడుతున్నా కదల్లేదు. ఇక ఈ ఇంట్లో అన్నం తినను, యానాం వెళ్ళే బస్సెక్కేస్తాను, అక్కడ మా మేనమామ ఉన్నాడు అనుకున్నాను. బస్సు ఛార్జీ ఎంతో తెలియక ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

చాలాసేపటికి తాత వచ్చాడు. నన్ను చూడనట్టే మోపు ఇవతల మడమల మీద కూర్చున్నాడు.

"ఈ పెరట్లో ఎవరైనా ఉన్నారా అండి? ఉంటే ఒక సాయం కావాలి. లోపల రేకు పొట్టు గంపెడు తయారైంది. నెయ్యి, బెల్లం పోసి కలిపింది మీ మామ్మ. నా ఒక్కడి వల్ల కావట్లేదు."

ఆకుల సందులోంచి నెయ్యి వాసన వచ్చింది. తాత గిన్నె తీసుకొచ్చే మాట్లాడుతున్నాడు, దొంగ తాత.

"మామ్మ నన్ను పారేస్తుందా తాతా?"

"నలభై ఏళ్ళనించి నన్నే పారేస్తానంటంది. ఇంకా ఇక్కడే ఉన్నాగా."

ముక్కు చీదుకుంటూ బయటికొచ్చి తిన్నాను. ఏడుపులో తిన్న తీపి ఎంత బాగుంటుందో చెప్పలేను.

లోపలికి వెళ్ళేసరికి దొడ్డమ్మ పాకలో కూర్చుని తల బాదుకుంటోంది. "నాదేనండి పిన్నిగారూ తప్పు. ఈ పాడు నోరు! పసిదాని చెవిన పడేలా వాగాను." ఒళ్ళో నువ్వుల నూనె సీసా ఉంది. "మా ఇంటి కుండ పట్టుకొస్తాను, సారె రేకులు దాని మీద తీసేసుకోండి."

మామ్మ తల అడ్డంగా ఊపింది. "దాని ఆనవాలు మీ ఇంటిదమ్మాయ్. నా కూతురు నా కుండ అడిగింది." తరవాత నా వైపు తిరిగింది. "ఇలా రా. కూర్చో."

పొయ్యి ముందు, తన పీట మీద. ఎప్పుడూ కూర్చోనివ్వని చోట.

"నలుపు పోతే మళ్ళీ వస్తుంది. ఊరికే రాదు, మనిషి కూర్చోవాలి. నువ్వు పోగొట్టావు, నువ్వే తేవాలి. మంట పెట్టు."

ఆ రోజు నించీ నాకు సెలవుల్లేవు. పొద్దున్న నించి కొబ్బరాకు అందించడం, కుండ కాలాక నూనె గుడ్డతో తుడవడం, చల్లారనిచ్చి మళ్ళీ కాల్చడం. పొగకి కళ్ళు మండేవి. మామ్మ వెనకాల కూర్చుని నా చెయ్యి పట్టుకుని తుడిపించేది. "గట్టిగా కాదు. కుండని నిద్రపుచ్చుతన్నట్టు తుడు." ఆ తుడుపుల మధ్యలో వాళ్ళత్తగారి కబుర్లు చెప్పేది. ఆవిడ ముక్కుపొడుం పీల్చి రేకు మీద తుమ్మితే అది ఎగిరి వెళ్ళి పంతులుగారి పిలక మీద వాలిందట. నిజమో అబద్ధమో నాకు తెలీదు, పొయ్యి ముందు పడి దొర్లి నవ్వాను.

సంగతి వీధంతా పాకింది. మా వీధిలో రేకు తీయడం రాని ఆడది లేదు. ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఎవరో పాత నూనె గుడ్డ తెచ్చారు, ఎవరో ఎండిన ఆకు మోపు తెచ్చారు. వచ్చిన ప్రతి మనిషీ నా పక్కన కూర్చుని ఒక చెయ్యి వేసేది. వేస్తూ నన్ను ఏడిపించేది.

"ఏమ్మా, మా ఇంట్లో కూడా మసి పట్టిన పెనం ఒకటుంది. తోమిపెడతావా?"

"గోదారి కూడా మురికిగా ఉందే, చూసుకోకూడదూ?"

పెళ్ళి పనులన్నీ మా పాకలోకే వచ్చేశాయి. అక్కడే పసుపు దంచారు, అక్కడే జాకెట్లకి హుక్కులు కుట్టారు. పేలికలుగా వచ్చిన రేకుల కోసం వీధిలో పిల్లలంతా గిన్నెలు పట్టుకుని లైను కట్టారు. అత్త కూడా నవ్వడం మొదలుపెట్టింది గానీ, మధ్య మధ్యలో కుండ వైపు చూసి లెక్క వేసుకునేది. ఆరు రోజులుంది. అయిదు. నాలుగు. కుండ నల్లబడుతోంది గానీ రేకు చిరుగుతూనే ఉంది.

పెళ్ళికి మూడు రోజులనగా పొద్దున్న, మామ్మ గుడ్డ నా చేతికిచ్చింది.

"నువ్వు లాగు."

"నాకు రాదు మామ్మా."

"ఎవరికీ రాదు. లాగు."

ముంచాను. లాగాను. తెల్లటి పొర కట్టింది. అంచు గోటితో పట్టుకున్నాను. వేళ్ళు కాలాయి. లేపాను.

వచ్చింది. ఒక మూల కొంచెం వంకర, మధ్యలో శనగగింజంత చిల్లు. కానీ మొత్తం రేకు, కుండ వీపంత రేకు, నా చేతుల్లో గాలికి ఊగింది. అవతలున్న మామ్మ ముఖం అందులోంచి కనపడింది.

అత్త కేక పెట్టింది. దొడ్డమ్మ గోడ దూకినంత పని చేసింది. తాత ఎక్కడినించో, "అయితే ఇయ్యాళ చేప లేనట్టేనా?" అని అరిచాడు.

రెండు రోజులు పొయ్యి ఆరలేదు. మామ్మ, అత్త, దొడ్డమ్మ వంతులవారీగా తీశారు. సారెకి కావలసినన్ని రేకులు బెల్లం, నెయ్యి పెట్టి మడతలు పెట్టి, కాగితాలు పరిచిన బుట్టల్లో సర్దారు. అన్నిటికంటే పైన, చిల్లున్న వంకర రేకు పెట్టింది అత్త. "దీన్ని మా అత్తగారికే ఇస్తాను" అంది.

పెళ్ళయ్యాక వెళ్ళేటప్పుడు అత్త కుండని కింద పెట్టనివ్వలేదు. పీచు పరుపు వేసిన గంపలో పెట్టి, పట్టుచీర మీద, ఒళ్ళోనే పెట్టుకుంది. కారులో పక్కన కూర్చున్న తణుకు ఆవిడ వంగి చూసింది. నేను కిటికీ దగ్గరికి జరిగాను. నవ్వుతుందా?

"ఏంటమ్మా, అంత భద్రంగా పట్టుకున్నావు?"

"మా ఇంటి ఆనవాలండి."

ఆవిడ చెయ్యి పెట్టి కుండ వీపు నిమిరింది. "ఎవరమ్మా ఇంత నున్నగా చేసింది?" అంది.

అత్త కిటికీలోంచి నా వైపు చెయ్యి చూపించింది. కారు కదిలింది. ఏడుద్దామనుకున్నదాన్ని, గర్వంతో ఏడుపు మర్చిపోయాను. ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చి ఏడ్చాను.

ఇప్పుడు మేం షెడ్డులో రేకులు తీస్తున్నాం. గ్యాసు పొయ్యిలు, ఫ్యాన్లు, అట్టపెట్టెలు, కొరియర్లు. పొగ లేదు, కళ్ళు మండవు, మంచిదే. కాకపోతే పొయ్యి ముందు కూర్చుని కబుర్లు చెప్పుకునే తీరిక లేదు, ఎవరి చెవుల్లో వాళ్ళకి పాటలు. తణుకులో అత్త మాత్రం ఇంకా ఆ కుండ మీదే తీస్తోంది. వీడియో కాల్ చేసినప్పుడల్లా దాన్ని చూపించి, "తోమడానికి ఎప్పుడొస్తావే?" అంటుంది.

మామ్మ పోయి కొన్నేళ్ళయింది. ట్రంకు పెట్టె నా దగ్గరికి వచ్చింది. పాప అడిగిన ప్రశ్నకి జవాబు నోటితో చెప్పడం రాక, ఆ పెట్టె తెరిచి దాని ముందు పెట్టాను. దువ్వెన, మూత, గాజు ముక్క, పాలపన్ను. అడుగున ఇంకో మూట ఉంది, నా చిన్నప్పటి గౌను గుడ్డలో కట్టినది. మామ్మ పోయాక దాన్ని మొదటిసారి విప్పినప్పుడు నేను గంటసేపు లేవలేదు.

పాప విప్పింది. లోపల చారెడు కొబ్బరి పీచు. నల్లగా, అట్ట కట్టి, ఎండిపోయి. అరటి పాదులో పారేశాననుకున్నాను నేను. మామ్మ ఎప్పుడు వెళ్ళి ఏరి తెచ్చిందో.

"ఇది గిన్నెలు తోమే పీచు కదమ్మా?"

"ఊఁ."

"దీన్నెందుకు దాచింది?"

"అందులో మా మామ్మకి నేను కనపడేదాన్ని."

పాప పీచులోకి తొంగి చూసింది, నా ముఖంలోకి చూసింది. తరవాత కథంతా అడిగింది, చెప్పాను. ఇప్పుడు మీకు చెప్పినదంతా చెప్పాను. కథ అయ్యాక, మా వేలిముద్రలతో మసకబారిన గాజు పలకని ఒక చేత్తో, పీచుని ఇంకో చేత్తో పట్టుకుని లేచింది.

"అమ్మా, నీ జ్ఞాపిక తోమనా?"

"తోముకోవే, ఎంతైనా తోముకో" అన్నాను. "ఆ పీచు మాత్రం ఇటివ్వు."